నోరులేనివారి వైద్యుడు

వైద్యశాస్త్రములో కొందరి పేర్లకు చిత్రమైన గతి పట్టుచుండును. వారు మొదట వర్ణించిన వ్యాధికి లోకము వారి పేరు పెట్టును. కొంతకాలమునకు ఆ పేరు వ్యాధికే స్థిరపడి మనుష్యుడు మరుగుపడిపోవును. ‘డౌన్ సిండ్రోమ్’ అను మాట నేడు ప్రసూతి వైద్యశాలలలో తరచుగా వినబడుచున్నది. ఆ మాట చెవిని పడగానే గుండె జారిన తల్లిదండ్రులలో, అది ఒక వైద్యుని ఇంటిపేరని ఎరిగినవారు తక్కువ. ఆంగ్లమున ఆ శబ్దమునకు క్రిందు అను అర్థము కూడ నుండుటచే, బుద్ధి క్రిందుపడినవారికి పెట్టిన పేరు కాబోలునని తలచువారును కలరు. ఆ పేరుగల మనుష్యుడు, పుట్టుకతో మందమతులై తమ బాధ తాము చెప్పుకొనలేనివారిని దగ్గరగా, ఓపికతో, ఏండ్ల తరబడి చూచుటయందే తన జీవితమును గడపెను.

జాన్ లాంగ్డన్ డౌన్ 1828 నవంబరు 18వ తేదీన ఇంగ్లండు నైరృతి కొనయందలి కార్న్‌వాల్ మండలములో టార్‌పాయింట్ అను చిన్న ఊరిలో జన్మించెను. తండ్రి జోసెఫ్ డౌన్ ఆ ఊరిలో మందుల అంగడి నడుపుచుండెను. సంతానములో జాన్ కడగొట్టువాడు. చిన్నతనముననే బడి మాన్పించి తండ్రి అతనిని అంగడిలో పనికి పెట్టెను. మందులు నూరుట, పొట్లములు కట్టుట, వచ్చినవారి రోగము మాట విని కనుగొనుట అక్కడనే అలవడెను.

పదునెనిమిదేండ్ల ప్రాయమున జరిగిన ఒక చిన్న సంఘటనను ఆయన పెద్దవాడైన తరువాత గూడ మరువలేదు. తనవారితో విహారమునకు పోయిన దినమున పెద్దవాన పట్టుకొనగా అందరును ఒక పల్లెటూరి కుటీరములో తలదాచుకొనిరి. అక్కడ వారికి ఉపచారము చేసిన బాలిక మందమతి. ఆమె తీరు ఆ యువకుని మనస్సున నాటుకొనెను. ఇట్టివారికి చేయదగినది ఏమియు లేదా యను ప్రశ్న ఆయనను విడువలేదు. ఇట్టి కథలు గొప్పవారి చరిత్రలన్నిటను ఏదో యొకటి దొరకుచునే యుండును; తరువాతి నడతతో పొసగినపుడే వానికి విలువ. డౌన్ విషయమున అది పొసగెను.

కొద్దికాలమునకే లండను చేరి వైట్‌చాపెల్ వీథిలో ఒక శస్త్రవైద్యుని కొలువులో కుదిరెను. రోగుల నెత్తురు తీయుట, పండ్లు పెరుకుట, సీసాలు కడుగుట ఆయన పనులు. పిదప బ్లూమ్స్‌బరీలోని ఔషధసంఘమువారి ప్రయోగశాలలో చేరి రసాయనశాస్త్రమున బహుమానము పొందెను. మైకేల్ ఫారడే వంటి మహాశాస్త్రవేత్తకు వాయువులపై జరిగిన ప్రయోగములలో తోడ్పడెను. ఇంతలో ఆరోగ్యము చెడి ఇంటికి మరలవలసివచ్చెను. 1853లో తండ్రి మరణించిన పిమ్మట, తోడి విద్యార్థులకంటె పెద్దవాడుగా, లండన్ హాస్పిటల్ వైద్యవిద్యాలయమున ప్రవేశించి 1856లో పట్టభద్రుడయ్యెను. చదువున ముందుండి పతకములు గెలిచిన యీ యువకుడు నగరములో పెద్ద వైద్యుడై సంపన్నుల మేడలకు బండిలో తిరుగునని తోడివారందరు అనుకొనియుందురు. ఆయన 1858లో సరే మండలమందలి ఎర్ల్స్‌వుడ్ శరణాలయమునకు వైద్యాధికారిగా పోయెను. ఆనాటి వైద్యలోకమున అది కీర్తి తెచ్చు పదవి కాదు.

ఆ శరణాలయ మెట్టిదో కొంచెము చెప్పవలెను. పిచ్చివారును మందమతులును ఒకటి కాదను సంగతి ఇంగ్లీషు న్యాయశాస్త్రమునకు పూర్వమునుండియు తెలియును. నడుమ మతి చలించినవాడు వేరు, పుట్టుకతోనే బుద్ధి వికసింపనివాడు వేరు. కాని శాస్త్రమున తెలిసిన భేదము ఆచరణలో లేదు. బీదయింట పుట్టిన మందమతి పిచ్చాసుపత్రికో, అనాథల పనియింటికో చేరును. కలవారియింట పుట్టినవాడు వెనుక గదిలో మూలబడి యుండును. మన పల్లెలలోను అట్టివానిని వెర్రిబాగులవాడని పిలిచి, పెట్టిన వేళ పెట్టి, మరచిన వేళ మరచుట ఎరుగనిది కాదు. ఆండ్రూ రీడ్ అను మతాచార్యుడు 1847లో యిట్టివారికై ప్రత్యేకముగా ఒక ఆశ్రమమును స్థాపించెను. అదియే పెరిగి ఎర్ల్స్‌వుడ్‌లో పెద్ద భవనమునకు మారెను. 1855లో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ రాకుమారుడు దానిని ప్రారంభించెను. భవనము ఘనమైనదే గాని లోపలి పరిస్థితి ఘనముగా లేదు. ఇరుకు, మురికి, దెబ్బలు. ప్రభుత్వ పరీక్షకులు వచ్చి దోషములు వ్రాసిపోయిరి.

ముప్పదియేండ్లు నిండని డౌన్ మొదట చేసిన పని శిక్షలను నిషేధించుట. అక్కడి నివాసులపై చేయి చేసికొనరాదని శాసించెను. శరీరశుద్ధి, భోజనము, బట్ట, గాలి, వెలుతురు అన్నిటను ఆయన కన్ను పడెను. నివాసులు బల్లలయొద్ద కూర్చుండి కత్తియు ముల్లును పట్టి మర్యాదగా భుజించుట నేర్చిరి. వడ్రంగము, కుట్టుపని, తోటపని నేర్పించుటచే ఏ పనియు రాదనుకొన్న చేతులు పని చేయసాగెను. జేమ్స్ హెన్రీ పులెన్ అను నివాసి చెవిటివాడు, మాట దాదాపు లేనివాడు. అతడు చెక్కిన ఓడల నమూనాలు చూచినవారిని నిశ్చేష్టులను చేసెను. 1860లో డౌన్ వివాహమాడిన మేరీ క్రెలిన్ కూడ జీతము బత్తెము లేకుండ యీ యింటి పనియందు పాల్గొనెను. చరిత్రకారులు ఆమెకు రెండు పంక్తులతో సరిపెట్టుచుందురు. లెక్కలు, సరుకులు, సేవకుల నియామకములు ఆమె చేతిమీదుగనే నడచెనని తెలిసినచో, డౌన్ చేసినవని చెప్పుకొను పనులలో సగము ఆ యిల్లాలివి అని తేలును.

సంస్కర్తలనేకులు శిక్షలు మాన్పించిరి. డౌన్ విశేషము ఆయన చూపులో నున్నది. తన నొప్పి ఎక్కడనున్నదో చెప్పగల రోగిని పరీక్షించుట సులభము. ఎర్ల్స్‌వుడ్‌లోని వారిలో చాలమందికి మాట లేదు. ఉన్నవారికి దానిని బాధకు ముడివేసి చెప్పుట రాదు. కనుక డౌన్ వారి దేహములనే చదువ నారంభించెను. తలలు కొలిచెను, చేతులు చూచెను, నివాసుల ఛాయాచిత్రములు స్వయముగా తీసెను. ఆ కాలమున వైద్యమునకై ఛాయాచిత్రములు తీసినవారు కొలదిమంది. మరణించినవారి దేహములను పరీక్షించి కారణములు వెదకెను. 1862లో లాన్సెట్ పత్రికలో ఆయన ప్రకటించిన వ్యాసము మందమతుల నోటి నిర్మాణమును గూర్చినది. నోరులేనివారని లోకము వదలివేసినవారి నోటిని తెరచి, అంగిలి ఎంత యిరుకో, ఎంత ఎత్తుగా వంగియున్నదో, నాలుక ఎట్లున్నదో ఆయన ఒక్కొక్కరిని చూచి వ్రాసికొనెను. నమలలేనివాడు, మింగలేనివాడు, మాట స్పష్టముగా పలుకలేనివాడు అందులకు బుద్ధిలోపమే కారణమని అందరును సరిపుచ్చుకొనుచుండగా, నోటిలోనే ఒక కారణ మున్నదేమో యని వెదకిన వైద్యుడాయన. ఈ సంగతి తరువాత మరల మన ప్రసంగములోనికి వచ్చును.

నాలుగేండ్ల పిమ్మట, 1866లో, లండన్ హాస్పిటల్ వార్షిక సంపుటములో వెలువడిన చిన్న వ్యాసము ఆయనకు శాశ్వతమైన పేరును, శాశ్వతమైన అపవాదును గూడ తెచ్చెను. అప్పటికి మానవులను అయిదు జాతులుగా విభజించుట శాస్త్రలోకమున వాడుక. డౌన్ ఆ జాతుల పోలికలను బట్టి తన రోగులను వర్గీకరింపబూనెను. అందొక వర్గమువారి ముఖము చదునుగా వెడల్పుగా నుండును. కన్నులు ఏటవాలుగా నుండును. ముక్కు చిన్నది, నాలుక మందమైనది. వేర్వేరు ఇండ్లలో పుట్టినను వారందరును ఒక తల్లి బిడ్డలవలె కనబడుదురని ఆయన గుర్తించెను. ఆ పోలిక చూచి వారికి మంగోల్ జాతి పేరు పెట్టెను. పోలిక నిజము, దానికి చెప్పిన కారణము శుద్ధ తప్పు. ఒక గొప్ప జాతివారి పేరు బుద్ధిలోపమునకు పర్యాయపదమై నూరేండ్లు నిలిచిపోయెను. ఆ వ్యాసము చివర ఆయన చేసిన వాదము మాత్రము ఆనాటికి ఉదారమైనదే. ఒక జాతి తల్లిదండ్రులకు మరియొక జాతి పోలికలతో బిడ్డలు పుట్టగలిగినచో జాతుల నడుమ గోడలు లేవనియు, మానవజాతి యంతయు ఒక్కటియే యనియు ఆయన తేల్చెను. బానిసత్వమును సమర్థించుటకు జాతిభేదములను శాస్త్రముగా ప్రచారము చేయుచున్న దినములవి. మంచి ఉద్దేశమునకు తప్పు సాధనము దొరికిన ఉదాహరణముగా దీనిని చెప్పుకొనవచ్చును.

జాతిచర్చను ప్రక్కకు పెట్టి ఆ వ్యాసమును చదివినచో మరియొక డౌన్ కనబడును. వీరికి హాస్యప్రియత్వము మెండనియు, ఇతరులను అనుకరించుటలో నేర్పరులనియు, శిక్షణ యిచ్చినచో చేతిపనులయందును మాటయందును అభివృద్ధి చెందుదురనియు ఆయన వ్రాసెను. వీరి రక్తప్రసారము బలహీనమనియు, వేసవిలో సాధించిన అభివృద్ధి చలికాలమున కొంత వెనుకకు పోవుననియు గుర్తించెను. వీరు అల్పాయుష్కులనియు, క్షయకు సులభముగా లోనగుదురనియు చెప్పి, తల్లిదండ్రుల క్షయయే దీనికి మూలమని ఊహించెను. ఆ ఊహయు తప్పినది. కాని క్షయచే వారు రాలిపోవుట ఆయన కన్నులార చూచినది. ఆనాడు క్షయకు మందు లేదు. వెచ్చని గది, పుష్టికరమైన ఆహారము, శుభ్రమైన పడక, ఎరిగినవారి తోడు, ఇంతకుమించి వైద్యుని చేత ఏమియు లేదు. కుదుర్చలేని వ్యాధికి బాధ తగ్గించు సేవ చేయుటను నేడు ఉపశమన చికిత్స యనుచున్నారు. ఆ పేరు అప్పటికి పుట్టలేదు.

1867 పారిస్ ప్రదర్శనమునకు నివాసుల చేతిపనులను పంపవలెనని డౌన్ కోరగా పాలకవర్గము అందులకు సొమ్ము ఇయ్య నిరాకరించెను. ఇట్టి తగవులు పెరిగి 1868లో ఆయన రాజీనామా చేసెను. భార్యాభర్తలు కూడబలుకుకొని థేమ్స్ తీరమున, హాంప్టన్ విక్ దగ్గర ఒక ఇల్లు కొని సొంతముగా ఆశ్రమమును తెరచిరి. తమకు తోడ్పడిన న్యాయవాది మిత్రుడు నార్మన్ విల్కిన్‌సన్ పేరుమీద దానికి నార్మన్స్‌ఫీల్డ్ అని పేరు పెట్టిరి. కలవారి బిడ్డలు అక్కడ చేరిరి. బీదల విషయములో ఎర్ల్స్‌వుడ్ చేసిన మేలును నార్మన్స్‌ఫీల్డ్ చేయలేదనుట నిజము. అది రుసుము పుచ్చుకొను ఇల్లు. కాని అక్కడ జరిగినది అపూర్వము. గుర్రపుస్వారి, తోటపని, ఉచ్చారణ శిక్షణ, సంగీతము, నాట్యము నివాసుల దినచర్యలో భాగములు. 1879లో ఒక చక్కని రంగశాలయు వెలసెను. సేవకులుగా చేరువారికి పాటయో నటనయో వచ్చియుండుట మేలని చూచెడివారట!

ఆ నడుమ ఆయన లండన్ హాస్పిటల్‌లో వైద్యుడుగాను, ఆచార్యుడుగాను పేరు గడించెను. స్త్రీలు ఉన్నతవిద్య నభ్యసించినచో వారికి మందమతులు పుట్టుదురని పెద్దపెద్ద వైద్యులే వాదించుచుండగా డౌన్ దానిని ఖండించెను. 1887లో లండను వైద్యసంఘమువారి ఆహ్వానముపై లెట్సమ్ స్మారకోపన్యాసముల నిచ్చెను. ఒక్క విద్యయందు అద్భుత ప్రతిభ కలిగి తక్కినవానిలో వెనుకబడినవారిని గూర్చి అందు ఆయన చెప్పిన మాటలు నేటికిని స్మరణీయములు. ఇంట దుఃఖమునకు కొరత లేదు. ఒక కుమార్తె పసితనముననే పోయెను. ఒక కుమారుడు యౌవనారంభమున గాయపడి మరణించెను. 1896 అక్టోబరు 7వ తేదీన డౌన్ హఠాత్తుగా కన్నుమూసెను. నాలుగేండ్లకు మేరీయు గతించెను. వైద్యులైన కుమారులు రెజినాల్డు, పెర్సివల్ నార్మన్స్‌ఫీల్డ్ భారమును వహించిరి.

1905లో రెజినాల్డునకు ఒక కుమారుడు కలిగెను. తాతగారి పేరే జాన్ అని పెట్టిరి. ఆ బిడ్డ ముఖమున, తాత నలుబదియేండ్ల క్రిందట వర్ణించిన లక్షణములన్నియు నుండెను.

కథకుడెవ్వడైన ఇట్లు కల్పించియుండినచో అతిశయమని మనము కొట్టివేసియుందుము. ఇది కల్పన కాదు. తాత పెట్టిన పేరుగల వర్గమున మనుమడు పుట్టెను. ఆ వర్గమువారు వంశము క్షీణించుటచే పుట్టుదురని వైద్యలోకము విశ్వసించుచున్న కాలమున, ఆ వైద్యవంశమే ఆ బిడ్డను ఎత్తుకొనవలసివచ్చెను. వారు బిడ్డను దాచలేదు. జాన్ నార్మన్స్‌ఫీల్డ్‌లోనే పెరిగి, అక్కడనే పెద్దవాడై, తల వెండ్రుకలు నెరసి, 1970లో అరువదియైదేండ్ల వయస్సున అక్కడనే మరణించెను. ఇట్టివారి సగటు ఆయుర్దాయము ఆయన పుట్టిననాడు పదియేండ్లకు అటునిటుగా నుండెను. ఆయన దానికి ఎన్నోరెట్లు జీవించెను. రుచిగల భోజనము, వెచ్చదనము, తన్నెరిగిన మనుష్యులు, ఇల్లు మారని నిశ్చింత ఆ దీర్ఘాయువునకు ఎంతవరకు కారణమో కొలిచి చెప్పలేము. కాని అవన్నియు తాత 1858 నుండి చెప్పుచు వచ్చినవే.

మనుమడు జీవించియుండగనే తాతగారి సిద్ధాంతములు కూలిపోయెను. 1959లో ఫ్రాన్సున జెరోమ్ లెజ్యూన్ మొదలగువారు ఈ స్థితికి కారణమును కనుగొనిరి. మనుష్యుని కణములలో నలుబదియారు క్రోమోజోములుండగా వీరియందు ఇరువదియొకటవ దానికి అదనముగా ఒకటి చేరి నలుబదియేడు కలవు. క్షయకు గాని, జాతికి గాని దీనితో సంబంధము లేదు. 1961లో కొందరు శాస్త్రజ్ఞులు లాన్సెట్ పత్రికకు లేఖ వ్రాసి మంగోల్ శబ్దమును విడువవలెనని కోరిరి. మంగోలియా ప్రభుత్వము అభ్యంతరము తెలుపగా 1965లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆ మాటను విడిచిపెట్టెను. దాని స్థానమున డౌన్ పేరు నిలిచెను.

తరువాత వచ్చిన మార్పు డౌన్ ఊహకు అందనిది. సూక్ష్మజీవనాశకములు వచ్చెను, పుట్టుకతో వచ్చు గుండె లోపములకు శస్త్రచికిత్స వచ్చెను, పిల్లలను శరణాలయములలో వదలుట తగ్గెను. సంపన్నదేశములలో డౌన్ సిండ్రోమ్ గలవారి సగటు ఆయువు నేడు అరువదియేండ్ల దాపునకు చేరినది. బాల్యముననే పోవుదురనుకొన్నవారు వృద్ధులగుచున్నారు. వృద్ధులైనవారికి క్రొత్త చిక్కులు వచ్చినవి. అకాలమున ముదిమి వచ్చుట 1876లోనే ఫ్రేజర్, మిచెల్ అనువారు గుర్తించియుండిరి. 1948లో జార్జి జెర్విస్ ఇది అల్జైమర్ మతిమరపు వ్యాధియేనని చూపెను. ఆ వ్యాధిలో మెదడున పేరుకొను మాంసకృత్తునకు మూలమైన జీను సరిగా ఆ ఇరువదియొకటవ క్రోమోజోముననే కలదని 1987లో తేలెను. నలుబదియేండ్లు దాటునప్పటికి దాదాపు అందరి మెదడులలోను ఆ మార్పులు కానవచ్చును. అరువదియేండ్లనాటికి సగమునకు పైబడి మతిమరపు పాలగుదురు. దానివెంట మూర్ఛలు వచ్చును, మింగుడు కష్టమగును, ఆహారము శ్వాసమార్గమున పడి ఊపిరితిత్తులు చెడును. గుండెజబ్బు, థైరాయిడు లోపము, నిద్రలో ఊపిరి ఆడకపోవుట వీనికి తోడు. ఒక్క దేహములో యిన్ని వ్యాధులు. చెప్పుటకు మాట చాలదు.

ఇట్టివారి అంత్యదశలో వైద్యుడు ఏమి చేయవలెను? లండను దక్షిణభాగమున సిసిలీ సాండర్స్ 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ ఆశ్రమమును తెరచి, మరణించువారి నొప్పిని తగ్గించుట ఒక శాస్త్రముగా తీర్చిదిద్దెను. డౌన్ మనుమడు పోవుటకు మూడేండ్ల ముందటి మాట యిది. ఆ శాస్త్రమున మొదటి పాఠము, రోగి చెప్పిన నొప్పిని నమ్ముట. ఎంత నొప్పి, ఎక్కడ, ఎట్లున్నదని అడిగి మందు కొలుచుట. అడిగినను చెప్పలేనివారి విషయములో ఆ పాఠము చాలలేదు. ఏబదియైదేండ్ల మనిషి అన్నము మాని ఒక మూల కూర్చుండును, చేయి కొరుకుకొనును, పిలిచినను లేవడు. పంటినొప్పి కావచ్చును, ఎముక విరిగియుండవచ్చును, కడుపులో పుండో, కంతియో పెరుగుచుండవచ్చును. వైద్యుడు ముఖము చూచి, ఇది డౌన్ సిండ్రోమ్ లక్షణమని తేల్చి పంపివేయును. ఒక్క పేరు తక్కిన రోగములన్నిటిని కప్పివేయు ఈ దోషమునకు వైద్యులే ఒక పేరు పెట్టుకొనిరి గాని దోషము మానలేదు. 2013లో ఇంగ్లండున వెలువడిన ఒక అధికార పరిశీలన, బుద్ధిమాంద్యము గల పురుషులు సాధారణ జనులకంటె సగటున పదమూడేండ్లు, స్త్రీలు ఇరువదియేండ్లు ముందుగా మరణించుచున్నారని చూపెను. ఆ మరణములలో కొన్ని సకాలమున చికిత్స జరిగియుండినచో నివారింపదగినవే.

నోరు తెరచి అంగిలి కొలిచిన వైద్యుని ఇంటిపేరు, రోగిని చూడకుండుటకు సాకుగా మారుట ఎంత విపరీతము!

నార్తంబర్లాండ్ ప్రాంతపు ఉపశమన వైద్యులు కొందరు 2007లో దీనికొక ఉపాయమును ప్రకటించిరి. నొప్పికి అందరియందును కనబడు ఒకే గుర్తు లేదనియు, ఒక్కొక్కరికి బాధను తెలుపు తీరు వేరనియు వారు గ్రహించిరి. ఒకడు బాధలో అరచును, మరియొకడు నవ్వును, వేరొకడు నిశ్శబ్దమగును. కనుక మనిషి సుఖముగా నున్నపుడు అతని ముఖమెట్లుండునో, చూపెట్లుండునో, ఏ ధ్వనులు చేయునో, ఎట్లు కూర్చుండునో, దిగులుపడినపుడు అవి ఎట్లు మారునో ఎరిగినవారిచేత ముందుగనే ఒక కాగితముమీద వ్రాయించి యుంచవలెను. క్రొత్త వైద్యుడు దానిని చూచి, నేటి మార్పు ఎట్టిదో గుర్తింపగలడు. చదువుటకు ఇది అల్పముగా తోచును. ఆ కాగితము వ్రాయగలవారెవ్వరని ఆలోచించినచో అల్పము కాదు. ఆ భాష యెరిగినది సాధారణముగా తల్లి యొక్కతెయే. కొడుకునకు ఏబది దాటునాటికి ఆమెకు ఎనుబది దాటును. ఆమె ముందు పోయినచో ఆ కొడుకు తుదివరకు ఎవ్వరికిని తెలియని భాషలో ఏడ్చును. తల్లి మరణించిన మాటను కూడ అతనికి చెప్పకుండ, ఊరికి పోయినదని బుకాయించుట ఎన్నో ఇండ్లలో ఆచారము. వారికి తెలియదులే యని మనమనుకొందుము. భోజనపువేళ ఆమె కుర్చీవంక చూచుచు అతడు ముద్ద ముట్టనపుడు దానిని గూడ మొండితనమని వ్రాసికొనుచుందుము. 2015లో ఐరోపా ఉపశమన వైద్యసంఘము ఇట్టివారి అంత్యదశ సేవకై పదమూడు నియమములను ప్రకటించెను. బాధను గుర్తించుటతో బాటు, వ్యాధిని గూర్చి వారికి అర్థమగునట్లు చెప్పుటయు, నిర్ణయములలో వారి ఇష్టము తెలిసికొనుటయు, వారి దుఃఖమును దుఃఖముగా ఎంచుటయు అందు కలవు.

నార్మన్స్‌ఫీల్డ్ కడపటి కథ అంత సుఖమైనది కాదు. 1951లో ప్రభుత్వ ఆరోగ్యశాఖ దానిని స్వీకరించెను. వంశముతో బాటు ఆ యింటి కట్టుబాటును క్రమముగా సన్నగిల్లెను. 1976లో అక్కడి నర్సులు, రోగుల దుస్థితిని సహింపలేక, పై వైద్యుని పద్ధతులకు నిరసనగా సమ్మె కట్టి బయటికి వచ్చిరి. దేశమంతయు దిగ్భ్రమ చెందగా విచారణసంఘము కూర్చుండి, 1978లో తన నివేదికలో అక్కడి దారుణములను వివరించెను. శిక్షలు మాన్పుటతో ఆరంభమైన వైద్యుని పేరింట ఇట్టి స్థితి రావలసియుండెను! 1997లో వైద్యశాల మూతపడెను. ఆవరణములో క్రొత్త ఇండ్లు లేచెను. డౌన్ దంపతుల రంగశాలను మాత్రము పడగొట్టక కాపాడిరి. రంగులు వేసిన తెరలు, చిత్రించిన పలకలు అట్లే యున్నవి. ఆ భవనము డౌన్ సిండ్రోమ్ సంఘమువారి కేంద్రమై, మనుమడు జాన్ వంటివారు తమ తల్లిదండ్రులతో వచ్చి పోవుచోటయ్యెను.